రెండు స్విచ్‌లు, రెండు కంట్రోలర్లు ఉన్నా వీఎంలు రీడ్-ఓన్లీ అయ్యాయి: ఐస్కజీకి బహుళ మార్గాలు ఎలా అమర్చాలి?

కృష్ణాతీరం
మా కార్యాలయంలో మూడు ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషీన్లను నడిపే లినక్స్ వ్యవస్థ) సర్వర్లు ఉన్నాయి. వర్చువల్ మెషీన్ల (వీఎంల) డిస్కులన్నీ రెండు కంట్రోలర్లున్న ఒక ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కును అందించే పద్ధతి) స్టోరేజీలో, ఒకే లన్ (స్టోరేజీ ఒక డిస్కుగా చూపే భాగం) మీద, ఎల్‌వీఎం (లినక్స్ డిస్కు విభజన పొర) వాల్యూములుగా ఉన్నాయి. ఒక్కో కంట్రోలర్‌కు రెండు 10 గిగాబిట్ పోర్టులుండగా, ఒకటి మొదటి స్విచ్‌కు, మరొకటి రెండో స్విచ్‌కు కలిపి ఉన్నాయి. ప్రతి సర్వర్‌లోనూ స్టోరేజీ కోసం రెండు పోర్టులను యాక్టివ్-బ్యాకప్ బాండ్‌గా (ఒకటి పోతే రెండోది పనిలోకి వచ్చే జతగా) కట్టి, ఒకే ఐపీ చిరునామా ఇచ్చారు. స్టోరేజీ పోర్టులు నాలుగూ అదే సబ్‌నెట్‌లో ఉన్నాయి.

మొన్న శనివారం రాత్రి మొదటి స్విచ్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి రీబూట్ చేశాము. అది మళ్లీ లేచేలోపే లినక్స్ వీఎంలలో చాలావాటి ఫైల్ సిస్టమ్‌లు రీడ్-ఓన్లీ అయిపోయాయి. డేటాబేస్ వీఎంను సరిచేసి నిలబెట్టేసరికి తెల్లవారింది. లాగ్ చూస్తే బాండ్ మాత్రం క్షణంలోనే రెండో పోర్టుకు మారింది. అన్నీ రెండేసి ఉన్నప్పుడు ఇలా ఎందుకు జరిగిందో, దీన్ని ఎక్కడినుంచి సరిచేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

డిస్క్‌మిత్ర
ఆ సర్వర్లలో ఐస్కజీ సెషన్లు (స్టోరేజీ పోర్టుకు తెరిచిన అనుసంధానాలు) ఎన్ని ఉన్నాయో, అవి స్టోరేజీలోని ఏ పోర్టుకు వెళ్తున్నాయో ముందు చూసి చెప్పండి.

కృష్ణాతీరం
మూడు సర్వర్లలోనూ ఒక్కొక్క సెషనే ఉంది. మూడూ మొదటి కంట్రోలర్‌లోని మొదటి పోర్టుకే వెళ్తున్నాయి. ఆ పోర్టు మొదటి స్విచ్‌కు కలిపి ఉంది.

డిస్క్‌మిత్ర
అయితే జరిగినది స్పష్టంగానే ఉంది. బాండ్ తన పని తాను చేసింది. కానీ అది కాపాడేది సర్వర్ వైపు తీగను మాత్రమే. మీ సెషన్ అవతలి కొస మొదటి స్విచ్‌లో ఉంది. స్విచ్ పడిపోగానే స్టోరేజీ వైపు పోర్టు కూడా దానితోపాటే పోయింది. సర్వర్ రెండో స్విచ్ గుండా ఎంత వెతికినా ఆ చిరునామా ఇక దొరకదు. స్టోరేజీలో మిగిలిన పోర్టులు బాగానే ఉన్నా, వాటికి సెషన్ లేదు కాబట్టి అవి ఉన్నట్టు సర్వర్‌కు తెలియదు.

ఆ తరువాతి కథ సెకన్లలో ఉంది. లినక్స్‌లో ఐస్కజీని నడిపే ఓపెన్-ఐస్కజీలో రీప్లేస్‌మెంట్ టైమవుట్ అనే విలువ డిఫాల్ట్‌గా 120 సెకన్లు. సెషన్ తెగాక అంతసేపు రాతలూ చదువులూ కెర్నెల్‌లో ఆగి ఉంటాయి. ఆలోపు సెషన్ తిరిగి కలిస్తే వీఎంకు కాస్త నెమ్మదించినట్టు అనిపిస్తుందే తప్ప నష్టం ఉండదు. స్విచ్ రీబూట్‌కు అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. 120 సెకన్లు దాటగానే కెర్నెల్ ఆగిన పనులన్నిటికీ లోపం అని జవాబిచ్చింది. వీఎంను నడిపే క్యూఎంయూ ఆ లోపాన్ని యథాతథంగా వీఎంకు అందించింది. వీఎంలోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ జర్నల్ (మార్పుల చిట్టా) రాయలేక తనను తాను రీడ్-ఓన్లీ చేసుకుంది. ఎవరి పని వారు సరిగానే చేశారు. లేనిదల్లా మరో మార్గం.

రాత్రిపాళీ
డిస్క్‌మిత్ర గారు చెప్పినదానికి ఒక్క చేర్పు. డిస్కు అమరికలో వెర్రర్ అనే ఐచ్ఛికం ఉంటుంది. దానికి స్టాప్ అని ఇస్తే, రాత విఫలమైనప్పుడు క్యూఎంయూ లోపాన్ని వీఎంకు అందించకుండా వీఎంనే నిలిపి ఉంచుతుంది. స్టోరేజీ తిరిగి వచ్చాక కొనసాగించవచ్చు. డేటాబేస్ వీఎంలకు నేను ఇదే వాడుతున్నాను. అయితే ఇది మల్టీపాత్‌కు (ఒకే డిస్కుకు బహుళ మార్గాలు అమర్చడానికి) ప్రత్యామ్నాయం కాదు.

ఓరుగల్లు_సర్వర్
నాకు బాండ్‌ను వదులుకోవడం నచ్చదు. రెండు స్విచ్‌లనూ ఎంలాగ్‌తో (రెండూ ఒకే స్విచ్‌లా కనిపించేలా) జత చేసి, సర్వర్ వైపూ స్టోరేజీ వైపూ ఎల్ఏసీపీ (అనేక లింకులను ఒకటిగా చూపే బాండ్) కట్టితే ఈ సమస్య రాదు కదా? అమరిక సులువు, ఒకే ఐపీ చిరునామా, పైగా 20 గిగాబిట్ల వేగం. మా ఆసుపత్రిలో ఎక్స్-రే చిత్రాల సర్వర్ ఎన్నో ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది.

శ్రావణి_లినక్స్
ఓరుగల్లు గారూ, మీ చిత్రాల సర్వర్ స్టోరేజీతో ఎన్ఎఫ్ఎస్ (డిస్కును కాక ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంచే పద్ధతి) ద్వారా మాట్లాడుతోందా, ఐస్కజీ ద్వారానా? ఈ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది.

ఓరుగల్లు_సర్వర్
ఎన్ఎఫ్ఎస్ ద్వారా.

శ్రావణి_లినక్స్
అందుకే అక్కడ మీ పద్ధతి సరైనది. ఎన్ఎఫ్ఎస్‌లో బహుళ మార్గాల సంగతి చూసుకునే పొర సాధారణంగా ఉండదు కాబట్టి, ఆ భారాన్ని నెట్‌వర్క్ మోయాలి. ఐస్కజీలో అలా కాదు. ఒకే లన్‌ను నాలుగు దారుల్లో చూసి, అవన్నీ ఒకటేనని గుర్తుపట్టి, ఒకటి పోతే మరొకదానికి మళ్లించే పని డీఎం-మల్టీపాత్ చేస్తుంది. దానికి నెట్‌వర్క్ నుంచి కావలసింది ఒకదానితో ఒకటి సంబంధం లేని దారులు.

20 గిగాబిట్ల మాట కూడా చెప్పాలి. ఎల్ఏసీపీ ఒక్కో ప్రవాహాన్ని చిరునామాలు, పోర్టు సంఖ్యల హ్యాష్‌ను బట్టి ఒక్క లింకుకే అప్పగిస్తుంది. ఒక ఐస్కజీ సెషన్ అంటే లినక్స్‌లో ఒక టీసీపీ అనుసంధానం. ఒకే సెషన్‌లో అనేక అనుసంధానాలు పెట్టుకొనే వీలు ఐస్కజీ ప్రమాణంలో ఉంది గానీ, ఓపెన్-ఐస్కజీ దాన్ని అమలు చేయలేదు. కాబట్టి రెండు తీగలు కట్టినా ఆ ఒక్క సెషన్ ఒక తీగ మీదే పోతుంది. రెండోది ఖాళీగా ఉంటుంది. విడివిడి సెషన్లుంటే మల్టీపాత్ పనిని వాటి మధ్య పంచగలదు. ఎల్ఏసీపీ కంట్రోలర్లను దాటి కట్టలేమన్న సంగతీ ఉంది. కంట్రోలర్ పడిపోతే బాండ్ ఏమీ చేయలేదు.

డాలస్_తెలుగు
ఎన్ఎఫ్ఎస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. లినక్స్ 5.3 నుంచి ఎన్‌కనెక్ట్ అనే మౌంట్ ఐచ్ఛికం ఉంది. దానితో ఒకే సర్వర్‌కు 16 వరకు టీసీపీ అనుసంధానాలు తెరవవచ్చు. ఇవన్నీ ఒకే ఐపీ చిరునామాకు వెళ్తాయి కనుక వేగానికి ఉపయోగపడతాయే తప్ప, ఆ చిరునామా పోతే అన్నీ పోతాయి. దీన్ని మల్టీపాత్ అని పొరబడేవారిని తరచూ చూస్తున్నాను.

కృష్ణాతీరం
విషయం అర్థమైంది. బాండ్ తీసేసి, రెండు పోర్టులకూ అదే సబ్‌నెట్‌లో చెరొక చిరునామా ఇస్తే సరిపోతుందా?

పాత_నిర్వాహకుడు
సరిపోతుంది. వీఎంవేర్‌లో మేము ఎప్పుడూ అలాగే చేసేవాళ్లం. రెండు వీఎంకెర్నెల్ పోర్టులు (సర్వర్ సొంత నెట్‌వర్క్ పోర్టులు) ఒకే సబ్‌నెట్‌లో పెట్టి, ఒక్కోదానికి ఒక్కటే యాక్టివ్ అప్‌లింక్ ఇచ్చి, రెండో కార్డును స్టాండ్‌బైలో కాకుండా అన్‌యూజ్డ్‌లో ఉంచి, సాఫ్ట్‌వేర్ ఐస్కజీ అడాప్టర్‌కు బైండ్ చేయడం అక్కడి ఆనవాయితీ.

శ్రావణి_లినక్స్
పాత_నిర్వాహకుడు గారు చెప్పినది వీఎంవేర్ వారి ఈఎస్ఎక్స్ఐకి నూటికి నూరుపాళ్లు నిజం. లినక్స్‌కు మాత్రం దాన్ని యథాతథంగా తేవద్దు. పోర్ట్ బైండింగ్ వల్ల ఈఎస్ఎక్స్ఐలో ప్రతి సెషన్ ఏ కార్డు గుండా పోవాలో కచ్చితంగా నిర్ణయమై ఉంటుంది. లినక్స్‌లో ఆ నిర్ణయం రౌటింగ్ పట్టికది. ఒకే సబ్‌నెట్‌కు రెండు కార్డులున్నప్పుడు పట్టికలో మొదట ఉన్న కార్డు గుండానే అన్ని సెషన్లూ బయటికి పోతాయి. అంతేకాక, ఒక కార్డు చిరునామా కోసం ఏఆర్‌పీ ప్రశ్న (ఈ ఐపీ ఏ కార్డుది అన్న ప్రశ్న) వస్తే రెండో కార్డు కూడా జవాబిస్తుంది. మీరు నాలుగు సెషన్లు చూసి సంతోషిస్తారు. తీగ మీద చూస్తే అన్నీ ఒకే కార్డులో ఉంటాయి. ఐఫేస్ బైండింగ్ (సెషన్‌ను ఒక కార్డుకు కట్టడం) చేసి, ఏఆర్‌పీ ఇగ్నోర్‌ను 1కి, ఏఆర్‌పీ అనౌన్స్‌ను 2కి మార్చి, ఆర్‌పీ ఫిల్టర్‌ను (ప్యాకెట్ వచ్చిన దారిని సరిచూసే తనిఖీని) సడలిస్తే పని జరుగుతుంది. కానీ వాటిలో ఒకటి ఏదో అప్‌గ్రేడ్‌లో చెరిగిపోయినా ఎవరికీ తెలియదు.

రెండు సబ్‌నెట్‌లు పెట్టండి. ఉదాహరణకు 10.10.1.0 మొదటి స్విచ్‌లో, 10.10.2.0 రెండో స్విచ్‌లో. ప్రతి కంట్రోలర్‌లో ఒక పోర్టు మొదటిదానిలో, మరొకటి రెండోదానిలో. సర్వర్‌లోనూ అంతే. ఈ రెండు సబ్‌నెట్‌ల మధ్య రౌటింగ్ ఉండకూడదు, గేట్‌వే అసలే వద్దు. అప్పుడు ఒక్కో సర్వర్‌కు నాలుగు నికరమైన మార్గాలు ఏర్పడతాయి.

పాత_నిర్వాహకుడు
శ్రావణి గారి వివరణతో ఏకీభవిస్తున్నాను. రెండు సబ్‌నెట్‌లు ఉన్నప్పుడు ఈఎస్ఎక్స్ఐలో కూడా పోర్ట్ బైండింగ్ వాడం. ఈ చర్చ చదివే వీఎంవేర్ వాడుకరుల కోసం మరో మాట: అక్కడ రౌండ్ రాబిన్ (మార్గాలను వంతులవారీగా వాడటం) ఎంచుకుంటే డిఫాల్ట్‌గా 1000 ఐవోలకు (చదువు, రాత కోరికలకు) ఒకసారి మార్గం మారుతుంది. దాన్ని 1కి తగ్గించమని చాలామంది స్టోరేజీ తయారీదారులు తమ మార్గదర్శకాలలో రాస్తారు. మీ స్టోరేజీ పెట్టె పత్రం చూసి చేయండి.

డిస్క్‌మిత్ర
కృష్ణాతీరం గారూ, నెట్‌వర్క్ సిద్ధమయ్యాక సర్వర్‌లో చేయవలసినది ఇది. ఒక సర్వర్‌లోని వీఎంలను మిగిలిన రెండింటికి తరలించి, ఖాళీ అయినదాని మీద పని చేయండి.

నాలుగు పోర్టులకూ లాగిన్ అయితే ఒకే లన్ ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ అని నాలుగు డిస్కులుగా కనిపిస్తుంది. నాలుగింటికీ డబ్ల్యూడబ్ల్యూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఒకటే. మల్టీపాత్ ఆ గుర్తింపును చూసే వాటిని కలుపుతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో ఆ గుర్తింపును మీరే మల్టీపాత్ జాబితాలో చేర్చాలి. చేర్చకపోతే సేవ నడుస్తూనే ఉంటుంది, కానీ డిస్కును పట్టించుకోదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. సర్వర్ సొంత డిస్కులు మల్టీపాత్ చేతికి చిక్కకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టండి.

ఎల్‌వీఎం సంగతి దీనికంటే ముఖ్యం. మీ వాల్యూమ్ గ్రూప్ ఇప్పటికే ఆ లన్ మీద ఉంది. ఎల్‌వీఎం ఎస్‌డీబీని నేరుగా చూసి దాన్నే పట్టుకుంటే, పైన మల్టీపాత్ ఉండి కూడా ఫలితం ఉండదు. గ్లోబల్ ఫిల్టర్‌లో ఆ నాలుగు డిస్కులనూ తిరస్కరించి, మ్యాపర్ కింద మల్టీపాత్ తయారుచేసిన పరికరాన్ని మాత్రమే అనుమతించండి. ఫిజికల్ వాల్యూముల జాబితాలో మ్యాపర్ పేరు కనిపించాలి. డూప్లికేట్ అన్న హెచ్చరిక ఒక్కటి కూడా కనిపించకూడదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్‌ను) తిరిగి తయారు చేసి, సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేసి, మళ్లీ అదే చూడండి.

చివరగా, రీప్లేస్‌మెంట్ టైమవుట్‌ను 120 నుంచి 15కు తగ్గించండి. ఒకే మార్గం ఉన్నప్పుడు 120 సెకన్లు ఓపిక పట్టడం మంచిది. నాలుగు మార్గాలున్నప్పుడు చచ్చిన మార్గం దగ్గర అంతసేపు నిలబడటం వీఎంలకు శిక్ష. ప్రధాన కాన్ఫిగ్ ఫైలులో మార్చినంత మాత్రాన ఇప్పటికే నమోదైన పోర్టల్‌లకు (స్టోరేజీ పోర్టు చిరునామాలకు) అది వర్తించదు. ఒక్కొక్క నోడ్ రికార్డులోనూ విడిగా మార్చి, సెషన్‌ను తిరిగి లాగిన్ చేయాలి.

రాత్రిపాళీ
తీగ భౌతికంగా తెగకుండా మధ్యలో ఎక్కడో ప్యాకెట్లు మాయమైతే, సెషన్ బతికుందా అని అడిగే నూప్-అవుట్ విరామం 5 సెకన్లు, దాని గడువు మరో 5 సెకన్లు కలిసి సుమారు 10 సెకన్లకు గానీ సెషన్ పోయిందని తెలియదు. పైన ఆ 15 కలుపుకోండి. దాదాపు 25 సెకన్లు వీఎంలు స్తంభించడం సహజమే. కంగారుపడి రీసెట్ చేయవద్దు.

కృష్ణాతీరం
మొదటి సర్వర్ మీద ఇవన్నీ చేశాను. నాలుగు మార్గాలూ కనిపిస్తున్నాయి. కానీ రెండు మార్గాలు ప్రయారిటీ 50తో యాక్టివ్ అనీ, మిగిలిన రెండు ప్రయారిటీ 10తో ఎనేబుల్డ్ అనీ రెండు గుంపులుగా ఉన్నాయి. పని మొదటి రెండింటి మీదే జరుగుతోంది. మిగిలిన రెండింటినీ వాడుకునేలా చేయవచ్చా?

శ్రావణి_లినక్స్
చేయవచ్చు గానీ చేయవద్దు. అది అలువా (ఏ మార్గం మేలో స్టోరేజీ తెలిపే పద్ధతి) చెబుతున్న సమాచారం. ఆ లన్‌కు యజమాని మొదటి కంట్రోలర్. దాని పోర్టులకు 50. రెండో కంట్రోలర్ గుండా వెళ్తే అది పనిని లోపలి దారిలో మొదటిదానికే అందిస్తుంది, అంటే అనవసరమైన చుట్టు. నాలుగింటినీ ఒకే గుంపులో పెడితే వేగం తగ్గుతుంది. కొన్ని పెట్టెలలో లన్ యాజమాన్యం రెండు కంట్రోలర్ల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. గ్రూప్ బై ప్రయో (ప్రయారిటీని బట్టి గుంపులు) ఉంచి, ఫెయిల్‌బ్యాక్‌ను (మేలైన గుంపుకు తిరిగి మారడాన్ని) ఇమ్మీడియట్ చేయండి. రెండో కంట్రోలర్‌కు పని కావాలంటే రెండో లన్ చేసి దాని యాజమాన్యాన్ని అటు ఇవ్వండి.

ఓరుగల్లు_సర్వర్
శ్రావణి గారి మాట విన్నాక బాండ్ విషయంలో నా అభ్యంతరాన్ని విరమించుకుంటున్నాను. ఒక హెచ్చరిక మాత్రం నా తరఫున ఉంది. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000 పెట్టుకుంటే ప్రతి అంగుళం చూసుకోండి. మాకు తెలిసిన ఒక కళాశాలలో లాగిన్ అయ్యేది, మార్గాలన్నీ పచ్చగా కనిపించేవి, కానీ వీఎం డిస్కు తరలింపు మొదలుపెట్టగానే ఆగిపోయేది. మధ్య స్విచ్‌లో ఒక్క పోర్టుకు 1500 మిగిలిపోయింది. లాగిన్‌కూ, మార్గాల తనిఖీకీ చిన్న ప్యాకెట్లు చాలు. పెద్ద రాత వచ్చినప్పుడే బండారం బయటపడుతుంది. ప్రతి కార్డు నుంచి ప్రతి స్టోరేజీ పోర్టుకూ, ముక్కలు చేయవద్దన్న షరతుతో 8972 బైట్ల పింగ్ పంపి చూడండి. 9000లో ఐపీ హెడర్‌కు 20, ఐసీఎంపీకి 8 పోగా మిగిలేది అదే.

పాత_నిర్వాహకుడు
విద్యుత్తు సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు స్విచ్‌లనూ ఒకే యూపీఎస్ మీద పెడితే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద రెండు బోర్లు వేసినట్టే. రెండు వేర్వేరు యూపీఎస్‌లకు కలపండి.

కృష్ణాతీరం
మార్గాలన్నీ పోతే ఏం చేయాలో చెప్పే నో పాత్ రీట్రై అనే విలువ గురించి ఒక్కో చోట ఒక్కోలా రాశారు. క్యూ అని పెట్టమని కొందరు, ఫెయిల్ అని కొందరు. మీరు ఏది వాడుతున్నారు?

రాత్రిపాళీ
క్యూ. స్టోరేజీ మొత్తం పోయినా వీఎంలు లోపం చూడకుండా ఎదురుచూస్తాయి. స్టోరేజీ తిరిగి రాగానే ఏమీ జరగనట్టే సాగుతాయి.

డిస్క్‌మిత్ర
ఈ విషయంలో రాత్రిపాళీ గారితో గట్టిగా విభేదిస్తున్నాను. క్యూ పెట్టినప్పుడు మార్గాలన్నీ పోతే క్యూఎంయూ ప్రక్రియలు డీ స్థితిలో (డిస్కు జవాబు కోసం ఆగిపోయిన స్థితిలో) ఇరుక్కుంటాయి. వాటిని చంపనూ లేరు, సర్వర్‌ను సక్రమంగా షట్‌డౌన్ చేయనూ లేరు. ఎల్‌వీఎం ఆదేశాలు కూడా అక్కడే చిక్కుకుంటాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఒక్క సర్వర్‌కు మాత్రమే మార్గాలు పోయాయనుకోండి. నిర్వాహకులు తొందరపడి ఆ వీఎంను రెండో సర్వర్‌లో మొదలుపెడతారు. మొదటి సర్వర్ కెర్నెల్‌లో రాయవలసినవి ఇంకా వరుసలో ఉన్నాయి. మార్గం తిరిగి రాగానే అవి డిస్కు మీదికి దిగుతాయి, అప్పటికే మరో వీఎం అదే డిస్కు మీద రాస్తూ ఉంటుంది. ఆ ఫైల్ సిస్టమ్ ఇక మిగలదు. అందుచేత పరిమితి పెట్టండి. పోలింగ్ (మార్గాల తనిఖీ) విరామం 5 సెకన్లు ఉండగా నో పాత్ రీట్రైకి 12 ఇస్తే సుమారు ఒక నిమిషం ఎదురుచూసి, ఆ తరువాత లోపం చెబుతుంది.

రాత్రిపాళీ
రెండో ప్రమాదం నిజమైనదే, ఒప్పుకుంటున్నాను. అయితే క్లస్టర్ కంచె (చెడిన సర్వర్‌ను వేరుచేసే ఏర్పాటు) సరిగా ఉండి, ఇరుక్కున్న సర్వర్‌ను వాచ్‌డాగ్ (తనంతట రీసెట్ చేసే టైమర్) గానీ మనిషి గానీ ముందుగా ఆపివేస్తే క్యూ పనికొస్తుంది. ఒక్క సర్వర్ మాత్రమే వాడుకునే లన్‌లకు నేను ఇప్పటికీ క్యూనే ఉంచుతాను. మూడు సర్వర్లు పంచుకునే కృష్ణాతీరం గారి లన్‌కు పరిమితే మేలు. ఏది పెట్టినా, ఇరుక్కున్న సర్వర్‌కు కరెంటు తీసేసే వరకు దాని వీఎంను మరోచోట లేపవద్దు.

డాలస్_తెలుగు
కొత్తగా పెట్టె కొనబోయేవారు ఐస్కజీలాగే నెట్‌వర్క్ మీద డిస్కును అందించే ఎన్‌వీఎంఈ ఓవర్ టీసీపీ కూడా చూడండి. అందులో బహుళ మార్గాల పని కెర్నెల్‌లోని ఎన్‌వీఎంఈ డ్రైవరే చేసుకుంటుంది, డీఎం-మల్టీపాత్ అక్కరలేదు. అలువా స్థానంలో ఏఎన్ఏ ఉంటుంది. రెండు స్విచ్‌లు, రెండు సబ్‌నెట్‌ల క్రమశిక్షణ మాత్రం అక్కడా ఇంతే.

కృష్ణాతీరం
మూడు సర్వర్లూ పూర్తయ్యాయి. ఒక పరీక్ష వీఎంలో నిరంతరం రాతలు నడిపిస్తూ మొదట సర్వర్ వైపు తీగ పీకాను, ఆగినట్టే తెలియలేదు. తరువాత స్టోరేజీ వైపు తీగ పీకాను. ఈసారి సర్వర్‌లో లింక్ వెలుగుతూనే ఉంది, రాతలు కొంతసేపు నిలిచిపోయి, రాత్రిపాళీ గారు చెప్పిన లెక్కలోపే తిరిగి మొదలయ్యాయి. వీఎం లాగ్‌లో ఒక్క లోపం కూడా లేదు. మొదటి స్విచ్‌ను పూర్తిగా ఆపినప్పుడూ అంతే. మొదటి కంట్రోలర్‌ను రీబూట్ చేసినప్పుడు 10 ప్రయారిటీ ఉన్న గుంపు పనిలోకి వచ్చి, అది లేచాక పని తిరిగి పాత గుంపుకు చేరింది.

కానీ మూడో సర్వర్‌ను రీబూట్ చేశాక మూడు మార్గాలే ఉన్నాయి. వీఎంలు హాయిగా నడుస్తున్నాయి, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నేను అనుకోకుండా చూశాను గనుక తెలిసింది.

శ్రావణి_లినక్స్
లేని నాలుగో పోర్టల్ నోడ్ రికార్డులో స్టార్టప్ విలువ మాన్యువల్ అని ఉందేమో చూడండి. ఆటోమేటిక్ అయి ఉండాలి.

కృష్ణాతీరం
అదే. మిగిలిన మూడింటికి ఆటోమేటిక్ ఉంది, దీనికి మాన్యువల్ ఉంది. మార్చి రీబూట్ చేశాను; నాలుగూ వచ్చాయి.

డిస్క్‌మిత్ర
మల్టీపాత్ బాగా పనిచేస్తున్నంత కాలం పోయిన మార్గం గురించి ఎవరికీ చెప్పదు. వీఎం సజావుగా ఉంటుంది, వాడుకరి సంతోషంగా ఉంటాడు, మిగిలిన మార్గాలు ఒక్కొక్కటే పోతుంటాయి. కాబట్టి ప్రతి సర్వర్‌లోనూ ప్రతి లన్‌కూ పనిచేసే స్థితిలో ఉన్న మార్గాలు (రెండు గుంపులవీ కలిపి) ఎన్ని ఉన్నాయో నిమిషానికొకసారి లెక్కపెట్టే చిన్న స్క్రిప్ట్ రాసి, మీ పర్యవేక్షణ వ్యవస్థకు కలపండి. నాలుగు కంటే తగ్గితే హెచ్చరిక రావాలి. మార్గాలు సున్నా అయితేనే హెచ్చరించేలా పెట్టడం చూశాను; అప్పటికి దాని అవసరం తీరిపోయి ఉంటుంది.

రాత్రిపాళీ
సంఖ్యతోపాటు ఏ రెండు మార్గాలు ఒకే స్విచ్‌లో ఉన్నాయో కూడా ఆ హెచ్చరికలో కనిపించేలా చేయండి. రెండు పోయి రెండు మిగిలినప్పుడు, మిగిలినవి రెండూ ఒకే స్విచ్ మీద ఉన్నాయా లేదా అన్నది ఆ రాత్రి స్విచ్ పనులు వాయిదా వేయాలో లేదో తేలుస్తుంది. స్టోరేజీ పోర్టు చిరునామాలో 10.10.1 ఉందా, 10.10.2 ఉందా అని చూస్తే చాలు.